బెంచీ పీకిన చేతులకో దండం

మా వీధిలో ఉన్న ఒకే ఒక్క బెంచీని పెకలించుకుపోయిన మహానుభావుడెవరో నాకు తెలియదు. తెలిస్తే ఇంటికెళ్లి మరీ పూలదండ వేసి వచ్చేవాణ్ణి!

నవ్వకండి. చాలా సీరియస్‌గా చెబుతున్నాను. కూర్చోవడానికి చోటు లేకపోవడమంత అదృష్టం నగరంలో ఇంకొకటి లేదు. కూర్చుంటే ఏమొస్తుంది? పొట్ట వస్తుంది. కునుకు వస్తుంది. పక్కవాడి కష్టసుఖాలు అడక్కుండానే చెవిన పడతాయి. నిలబడ్డవాడికి ఈ బాధలేవీ లేవు. ఏ క్షణానైనా ఎక్కడికో వెళ్లిపోయేవాడిలా హుందాగా కనిపిస్తాడు.

ముందు మా వీధిని పరిచయం చేయాలి.

భాషలు పదకొండు. మెట్ల మీద ఎదురుపడితే కింది అంతస్తు ఆయన తన భాషలో ఏదో అంటాడు. నేను నా భాషలో ఏదో అంటాను. ఆయనేమడిగాడో నాకూ, నేనేం చెప్పానో ఆయనకూ ఇప్పటిదాకా తెలియదు. అందుకే ఐదేళ్లుగా మా మధ్య మాటా మాటా వచ్చింది లేదు!

సౌకర్యాలంటారా? అబ్బో! మూడు జిమ్ములు. ఐదు కాఫీ షాపులు. కొవ్వొత్తులు మాత్రమే అమ్మే కొట్టు ఒకటి. పగిలిన ఫోను అద్దాలు మార్చే దుకాణాలు నాలుగు, వాటి వ్యాపారం సజావుగా సాగేందుకు పేవ్‌మెంటు మీద గోతులు నాలుగు. సైకిళ్లకు స్టాండుంది. కార్లకు చార్జింగ్ పాయింటుంది. కుక్కల బ్యూటీ పార్లర్లో కుక్కలకు మెత్తటి సోఫా ఉంది. ఇంకేం కావాలి?

బెంచీ పోయిన చోట పదకొండు భాషల్లో బోర్డు పెట్టారు. 'మీ సౌకర్యార్థం ఈ బెంచీ తొలగించబడినది.' దాని బదులు నడుమెత్తున ఏటవాలుగా ఒక స్టీలు కడ్డీ పాతారు. దాని పేరు 'ఆనుకునే సదుపాయం'.

మా మేనత్త ఆ కడ్డీని అటునుంచీ ఇటునుంచీ చూసింది.

"ఏరా, ఇది మనుషులకా? తడి బట్టలకా?" అనడిగింది.

మా అత్త ముప్ఫై ఒక్క ఏళ్లు బట్టల కొట్టు కౌంటర్ వెనక నిలబడి గుడ్డ కొలిచి చింపిన మనిషి. రిటైరైన రోజున కొట్టువాళ్లు శాలువా కప్పారు. మోకాలి నొప్పి మాత్రం అంతకుముందే ఇచ్చేశారు. మంగళ, గురు, శనివారాల్లో వీధి చివర ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్లాలి.

"వరుసగా మూడుసార్లు మానేశారంటే మోకాలు బిగుసుకుపోతుందమ్మా. ఆ తర్వాత మీరూ, మీ కిటికీ!" అని అక్కడి అమ్మాయి ముందే హెచ్చరించింది.

ఇంటి నుంచి క్లినిక్‌కి అత్త అడుగులతో ఆరు వందల పది. మూడు వందల దగ్గర మోకాలు మొరాయిస్తుంది. సరిగ్గా అక్కడే ఉండేది ఆ బెంచీ.

కాఫీ షాపులో కూర్చోవచ్చుగా అంటారా? అక్కడివన్నీ ఎత్తు స్టూళ్లండీ. ఎక్కడానికి నిచ్చెన కావాలి, దిగడానికి ఫైరింజను రావాలి!

మంగళవారం. ఉదయం తొమ్మిది గంటల ఏడు నిమిషాలు.

అత్త ఒక మడత స్టూలు చంకన పెట్టుకుని బయల్దేరింది. మూడు వందల అడుగుల దగ్గర, ఏడాదిగా మూసి ఉన్న ఒక కొట్టు షట్టర్ ముందు వేసుకుని కూర్చుంది. ఐదు నిమిషాలు సేదతీరింది. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఎలాగూ కావాలి కదా అని స్టూలును అక్కడే వదిలి క్లినిక్‌కి వెళ్లింది.

ఎంత పొరపాటు చేసిందో ఆ క్షణాన ఆమెకు తెలియదు!

మా వీధికి ఒక పద్ధతుంది. పదకొండు భాషల వాళ్లు 'చివర ఎవరండీ?' అని ఒకరినొకరు అడగలేక కనిపెట్టుకున్న పద్ధతి. బేకరీ ముందైనా, లాండ్రీ ముందైనా, చివరి వస్తువు వెనక మన వస్తువు ఒకటి పెట్టి మన పని మీద మనం పోవచ్చు. వస్తువంటే మనిషే. నా గొడుగు బ్రెడ్డు కోసం నిలబడి ఉంటే నేను ఇంట్లో తలస్నానం చేసిన రోజులున్నాయి. వంతు రాకుండా వస్తువును కదిపితే మహాపరాధం. దాని మీద కూర్చుంటే ఇంకా ఘోరం, మనిషి నెత్తినెక్కి కూర్చున్నట్టే లెక్క!

ఇప్పుడు చెప్పండి. మూసిన షట్టర్, దాని ముందు ఒంటరిగా ఒక స్టూలు. మా వీధి కంటికి అదేమిటి?

క్యూ!

నలభై నిమిషాల తర్వాత అత్త తిరిగొచ్చేసరికి స్టూలు వెనక బకెట్టు, బకెట్టు వెనక సూట్‌కేసు, దాని వెనక గొడుగు, హెల్మెట్టు, గోడ గడియారం... లెక్కపెడితే పదిహేడు. అత్త స్టూలు మీద చెయ్యి వేయగానే ఎదురు సెలూన్లోంచి, వీధంతా బాబాయి అని పిలిచే సెలూనాయన కత్తెరతో సహా పరుగెత్తుకొచ్చాడు. పదకొండు భాషల్లోనూ 'తల కొంచెం వంచండి' అనగలిగినవాడు మా వీధిలో ఆయనొక్కడే. అందువల్ల వీధి చట్టాలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి.

"ఆగమ్మా, ఆగాగు! వంతు రాకుండా తీయకూడదు."

"నా స్టూలయ్యా ఇది!"

"మీదే. ఎవరు కాదన్నారు? అందుకే మీరు ఫస్టు."

"దేనికి ఫస్టు?"

"భలేవారే! ముందొచ్చింది మీరు. మీకే తెలియకపోతే వెనకాలొచ్చిన మాకెలా తెలుస్తుంది?"

"పోనీ కాసేపు కూర్చోనీ, మోకాలు లాగేస్తోంది."

"క్యూలో ఉన్నదాని మీద కూర్చుంటారా? పెద్దవారు, మీరే ఇలా అంటే కుర్రకారుకు మేమేం చెప్పుకోవాలి?"

అత్త ఆ పూట ఆనుకునే సదుపాయం మీద ఆనుకుంది. రెండుసార్లు జారింది. ఎలాగో ఇల్లు చేరింది.

గురువారం నేను కొత్త స్టూలు కొని ఇచ్చాను. అత్త దాన్ని ఇంకాస్త ఇవతల వేసి, కూర్చునే ముందు ముఖం తుడుచుకోవడానికి అటు తిరిగింది. ఇటు తిరిగేసరికి దాని వెనక ఒక ఇస్త్రీపెట్టె! పావుగంటలో రెండో క్యూ. అత్త వెనక్కి వచ్చేసింది. క్లినిక్ మానేసిన లెక్క ఒకటి.

శనివారానికి రెండు క్యూలూ కలిసిపోయి మలుపు తిరిగాయి. నూట పన్నెండు వస్తువులు! షట్టర్ వెనక కొత్త ఆసుపత్రి వస్తోందన్నారు కొందరు. కాదు, నాలుగో జిమ్మన్నారు ఇంకొందరు. పన్నెండో భాష నేర్పే స్కూలని గొడుగువాళ్ల నమ్మకం. ఈలోగా నాలుగో నంబర్ గొడుగు అమ్మాయికీ, ఐదో నంబర్ హెల్మెట్ అబ్బాయికీ నిశ్చితార్థం కూడా అయిపోయింది. చూశారా? బెంచీ ఉంటే ఇవన్నీ జరిగేవా?

అత్త మాత్రం వీధిలోకి రాలేదు. మానేసిన లెక్క రెండు. కిటికీ దగ్గర కూర్చుని, "మంగళవారం కూడా పోతే ఇంక నా పని ఇంతేరా" అంది. అన్నప్పుడు నా ముఖం చూడలేదు.

సోమవారం సౌకర్యాల శాఖ అధికారి టాబ్లెట్ పట్టుకుని దిగాడు. ఇంత పెద్ద డిమాండ్ దేనికో తేల్చాలి కదా! నూట పన్నెండో నంబర్‌ను అడిగాడు. "ముందువాళ్లు దేనికో నేనూ దానికే" అన్నాడతను. నూట పదకొండూ అదే మాట. అలా అడుగుతూ, రాసుకుంటూ, చెమట తుడుచుకుంటూ మలుపు తిరిగి మొదటి నంబర్ దగ్గరికొచ్చాడు. స్టూలు మాట్లాడదు కదా! బాబాయి వెళ్లి అత్తను చెయ్యిపట్టి నడిపించుకొచ్చాడు.

వీధంతా వచ్చి చుట్టూ మూగింది.

"చెప్పండమ్మా, దేనికోసం నిలబడ్డారు?"

"కూర్చోడానికి నాయనా!"

బాబాయి ఆ మాటను మిగతా పది భాషల్లోకీ మార్చి చెప్పాడు. వరస పొడుగునా తలలూగాయి. బకెట్టాయనకు నడుం నొప్పట. సూట్‌కేసావిడకు ఏడో నెల. అందరూ దానికేనట, అడిగినవాళ్లే లేరట! అధికారి కళ్లు చెమర్చాయి. "రేపే!" అన్నాడు.

అన్నమాట నిలబెట్టుకున్నాడు. మంగళవారం, తొమ్మిది గంటల ఏడు నిమిషాలు. షట్టర్ లేచింది!

పైన బోర్డు: 'ఆసన సౌకర్య కేంద్రం'. లోపల టోకెన్ మెషీను, కౌంటరు, కౌంటర్ వెనక గుమాస్తా. వెనక గోడకు అద్దాల గది. అందులో, కొత్త రంగు వేసుకుని, మా పాత బెంచీ! వేచి ఉండేవాళ్ల కోసం గోడ పొడుగునా స్టీలు కడ్డీలు.

గుమాస్తా అత్తకు ఒక ఫారం ఇచ్చాడు. ఎందుకు కూర్చోదలిచారు? ఇంతకుముందు ఎప్పుడైనా కూర్చున్నారా? చివరిసారి లేచినది ఏ తేదీన? సాక్షులెవరు?

"ఇచ్చి వెళ్లండమ్మా. మూడు వారాల్లో ఆమోదం వస్తుంది. అప్పటిదాకా నిలబడాలి."

అత్త ఫారాన్ని కౌంటర్ మీద పెట్టింది. గుమ్మం వైపు తిరిగింది.

"ఏవయ్యా సెలూనాయనా, నా వంతు వచ్చినట్టేనా?"

"వచ్చినట్టేనమ్మా!"

"వంతొస్తే నా వస్తువు నేను తీసుకోవచ్చా?"

"నిక్షేపంలా!"

అత్త స్టూలు తెచ్చి, కౌంటర్ ముందు వేసుకుని, దర్జాగా కూర్చుంది.

ముందువాళ్లు దేనికో వెనకవాళ్లూ దానికే కదా? బకెట్టాయన బకెట్టు బోర్లించాడు. సూట్‌కేసావిడ సూట్‌కేసు అడ్డంగా పడేసి కూర్చుని, కాబోయే జంటకు కొంచెం చోటిచ్చింది. గోడ గడియారమాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎవరిదో అట్టపెట్టె మీద సర్దుకున్నాడు. మలుపు దాకా, మలుపు అవతల దాకా, మా వీధి మొత్తం కూర్చుంది! ఐదు నిమిషాల తర్వాత అత్త లేచి, చీర సర్దుకుని, క్లినిక్‌కి నడిచింది. మూడో లెక్క పడలేదు!

శుభం కార్డు వేసేద్దామా? ఆగండి. అధికారి అదంతా ఫొటో తీసుకుని రిపోర్టు రాశాడు. 'ఈ వీధిలో నూట పన్నెండు సీట్లు ఇప్పటికే ఉన్నట్టు తనిఖీలో తేలినది. బెంచీ అనవసరం.' మర్నాడు షట్టర్ మూశారు. బెంచీని ఎక్కడికో తరలించారు. మొదటి అనధికార సీటుగా లెక్కగట్టి అత్త స్టూలును జప్తు చేశారు. పదకొండు భాషల్లో కొత్త బోర్డు వెలిసింది: 'ఈ వీధిలో ఏదైనా సేవ పొందుతున్నవారు మాత్రమే కూర్చొనవలెను.' అమలు చూడ్డానికి ఒక ఇన్‌స్పెక్టర్‌ను కూడా వేశారు. పాపం, ఆయనా నిలబడే ఉంటాడు.

బాబాయికి మనసొప్పలేదు. ఆ రోజు స్టూలు తీయనివ్వంది తనే కదా! ఇప్పుడు క్లినిక్ రోజుల్లో తొమ్మిదీ ఏడుకల్లా తన సెలూన్ కుర్చీని గుమ్మంలోకి లాగి, అత్తను కూర్చోబెట్టి, మెడకు తెల్లగుడ్డ కడతాడు. ఇన్‌స్పెక్టర్ వైపు ఓరగా చూస్తూ, సేవ జరుగుతున్నట్టు జడ చివర ఒక అంగుళం కత్తిరిస్తాడు. వెళ్లేటప్పుడు ఒక అంగుళం. వచ్చేటప్పుడు ఒక అంగుళం.

కాబట్టి ఓ బెంచీ పీకిన మహానుభావా! పూలదండ సిద్ధంగా ఉంది. వచ్చేటప్పుడు ఆ బెంచీని కూడా వెంట తెచ్చుకోండి. కాస్త తొందరగా. ఫిజియోథెరపీకి ఇంకా పన్నెండుసార్లు వెళ్లాలి. నడుం దాకా ఉండే జడ ఇప్పటికే భుజాల మీదికొచ్చింది.