నివాసం: దాలమ్మ కుడికన్ను

దాలమ్మ కుడికంటి మీద మొలిచిన కండకి ప్రభుత్వం గుర్తింపు కార్డు ఇచ్చింది. కార్డు మీద పేరు దాలమ్మదే, ఫొటో మాత్రం కండది. తెల్లగుడ్డు మీద, ముక్కు వైపు మూలన, శనగబద్దంత పరిమాణంలో, లేత పసుపు రంగులో బుద్ధిగా కూర్చుని ఉంది. ఫొటో బాగా వచ్చిందని ఊళ్ళో అందరూ అన్నారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. దాలమ్మ ముప్పయ్యేళ్ళుగా సముద్రపొడ్డున ఉప్పు మళ్ళలో పనిచేస్తోంది. ఉప్పు ఆమె వేళ్ళ మీది గీతల్ని ఎప్పుడో తినేసింది కనుక వేలిముద్రల మిషన్ ఆమెని మనిషిగా ఒప్పుకోలేదు. ఎడమకంట్లో చిన్నప్పటి నుంచీ పువ్వు, దానికి చూపు లేదు. మిగిలిన కుడికన్ను ముందు మిషన్ పెడితే అది కాసేపు ఆలోచించి, ఆ కంట్లో కదలకుండా కనిపించిన ఒకే ఒక్క దాన్ని దాలమ్మగా నమోదు చేసుకుంది. నివాసం అన్నచోట దాలమ్మ కుడికన్ను అని పడింది. కార్డులో ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.

రెండేళ్ళు అంతా సాఫీగానే జరిగింది. నెల మొదట్లో దాలమ్మ కండని వెంటబెట్టుకుని రేషన్ షాపుకి వెళ్ళేది. మిషన్ కండని గుర్తుపట్టేది, కండ తరఫున దాలమ్మ బియ్యం మోసుకొచ్చేది. జనాభా లెక్కలకి వచ్చిన మాస్టారు ఆ ఇంట్లో ఉంటున్నది ఒక్కరేనని రాసుకున్నాడు. దాలమ్మని ఏ గడిలో వెయ్యాలో తోచక 'ఇంటి గోడల రకం' అన్న గడిలో వేశాడు. ఓట్ల రోజున సిరా చుక్క ఎక్కడ పెట్టాలన్నదాని మీద సిబ్బంది అరగంట చర్చించుకుని, చివరికి కనుబొమ్మ మీద పెట్టి పంపేశారు.

చిక్కల్లా కండ పెరగడంతో వచ్చింది. తెల్లగుడ్డు దాటి నల్లగుడ్డు మీదకి పాకింది. మళ్ళలో దాలమ్మకున్న విలువంతా ఆమె చూపుదే. ఉప్పు గింజ పండకముందే లాగితే నీరైపోతుంది, ఒక పూట ఆగితే చేదెక్కుతుంది. ఆ మధ్య పూట ఏదో ఆమె గట్టు మీద నిలబడి చూసి చెప్పేది. మేస్త్రీతో సహా అందరూ వినేవారు. ఆ చైత్రమాసంలో మొదటిసారి ఆమె పండిందన్న మడిలో గింజ పండలేదు. మేస్త్రీ మిగిలిన ఆడవాళ్ళలో ఒక్కొక్కరి కళ్ళలోకీ చూస్తూ వెళ్ళాడు. మర్నాడే దాలమ్మ పట్నం బస్సెక్కింది.

పట్నంలో కంటి డాక్టరు హైమవతి దీపం వేసి చూసి తేలిగ్గా చెప్పింది.

"ఎండ, ఉప్పు మీంచి కొట్టే తెల్లటి వెలుతురు, గాలి, దుమ్ము. ముప్పయ్యేళ్ళు ఇవన్నీ తగిలితే ఇలాగే కండ లేస్తుంది. ఎదురుచూసి కళ్ళు కాయలు కాచాయంటారు గానీ, ఎదురుచూపులకీ దీనికీ సంబంధం లేదు. చిన్నగా ఉన్నప్పుడైతే చుక్కలమందు, నల్లద్దాలు సరిపోయేవి. చూపుకి అడ్డం వస్తోంది కాబట్టి ఇక కోసి తీసెయ్యడమే. పైరెప్ప కింద నుంచి పలచటి పొర తీసి అక్కడ అతికిస్తాం. అయినా కొందరికి మళ్ళీ వస్తుంది. ముప్పావుగంట పని."

"తీసీండి డాకటరమ్మా. నాకున్నదొక్క కన్నే."

డాక్టరు కార్డు తీసుకుని కంప్యూటర్లో కొట్టి, తెర మీదున్నది రెండుసార్లు చదువుకుంది.

"అమ్మా, ఇక్కడ రోగి మీరు కాదు, కండ. దాన్ని తీసెయ్యమని అదే సంతకం పెట్టాలి. పైగా రోగిని పూర్తిగా తీసేస్తే దాన్ని వైద్యం కింద రాయడానికి మాకు వీల్లేదు." పోనీ నల్లద్దాలైనా ఇద్దామంటే, అవి రోగికి ఎండ అందకుండా చేస్తాయని కంప్యూటర్ ఒప్పుకోలేదు.

గుర్తింపు కేంద్రం అధికారి శరభేశ్వర్రావు మంచివాడు. వచ్చినవాళ్ళని నిలబెట్టి మాట్లాడడు. దాలమ్మకి కుర్చీ వేయించి, కండకి ఎండ తగిలేలా కిటికీ తీయించాడు.

"నాకు సూపు పోతంది బాబూ. ఈ కండని కోసీమని ఒక కాయితం రాసీండి."

"కోయించుకోండమ్మా, ఎవరు కాదంటారు? ముందు ఆవిడ చనిపోయినట్టు ధ్రువపత్రం తేవాలి."

"ఎవులు?"

"దాలమ్మగారు," అంటూ అతను కండ వైపు మర్యాదగా చూశాడు. "ఆవిడ పోయాక రేషనూ, పింఛనూ, ఇంటి పట్టా రద్దవుతాయి. ఆ తర్వాత మీరు కొత్తగా నమోదు చేయించుకోవాలి."

"దాలమ్మని నానే కదా బాబూ."

"అలా చాలామంది అంటారమ్మా. రుజువుండాలి కదా. వేళ్ళు పనిచెయ్యవు, ఎడమకన్ను పనిచెయ్యదు, కుడికంట్లో ఇప్పటికే వేరేవాళ్ళున్నారు. మీరు ఉన్నట్టు మా దగ్గర ఇంతవరకూ ఏమీ లేదు."

"ముగ్గురు బిడ్డల్ని కన్నాను."

"వాళ్ళ కార్డుల్లో తల్లి పేరు దాలమ్మగారనే ఉంది. మేం కాదనడం లేదు."

దాలమ్మకి దుఃఖం ఆగలేదు. ఇన్నేళ్ళు బతికినందుకు ఒక్క గుర్తైనా మిగల్లేదా అని అక్కడే కూర్చుని ఏడ్చింది. కండకి తడి మంచిది కాదని గుమాస్తా రుమాలు అందించాడు.

తిరుగు బస్సులో ఆమె నిదానంగా ఆలోచించుకుంది. చూపు ఉంచుకుంటే తను ఉండదు. తను ఉండాలంటే చూపు వదులుకోవాలి. ఆ ఊళ్ళో బతకడానికి ఏదో ఒకటి వదులుకోనివాళ్ళు ఎవరూ లేరు గనక ఆమెకి అదేమంత వింతగా అనిపించలేదు. ఆపరేషన్ మాట మళ్ళీ ఎత్తలేదు.

దసరాకల్లా కండ నల్లగుడ్డంతా కప్పేసింది. ఇదివరకు మిషన్ ముందు మూడుసార్లు కన్ను పెట్టాల్సొచ్చేది, ఇప్పుడు ఒక్కసారికే గుర్తుపడుతోంది. గుడ్డివాళ్ళకిచ్చే సర్టిఫికెట్ కోసం వెళితే, కార్డుదారు ఆరోగ్యం భేషుగ్గా ఉందని రాసి పంపేశారు. మాఘమాసంలో మళ్ళ పని మొదలయ్యేసరికి మేస్త్రీ గట్టు మీద మరో మనిషిని నిలబెట్టాడు.

అయినా దాలమ్మ ఖాళీగా లేదు. పని నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఆమె గుమ్మం ముందు వరస కడుతున్నారు. ఈవేళ అందరికంటే ముందు సూరమ్మ ఉంది. సూరమ్మకి ముప్పయ్యేళ్ళు, వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. కళ్ళలో కదలకుండా ఉండేదేదీ దొరక్క మిషన్ ఆమెని ఎవరూ కాదని తేల్చి మూడు నెలలయింది, ఇంట్లో గింజ లేదు.

"సిన్నమ్మా, నాకేటైనా మొలిసిందేటో సూడవే."

దాలమ్మ బొటనవేలితో ఆమె కంటిరెప్ప మీద మెల్లగా తడిమింది. తడిమిన చోటే మళ్ళీ తడిమింది.

"మొలిసిందే. మూలకున్నాది, ఇంకా లేత. రేపట్నుండి తలకి గుడ్డ కట్టకు. మిట్టమద్దినేల మడికెదురుగా కళ్ళు తెరుసుకుని నిలబడు. ఉగాదికి మనిసివైపోతావు."

సూరమ్మ కళ్ళు తుడుచుకుని దణ్ణం పెట్టింది. వెనకాల మనిషి ముందుకి జరిగింది.