మెట్ల కింది అలమరలో గడ్డి మెషీను

ఆ శనివారం పొద్దున దర్జీగారి పథకం చాలా చిన్నది. బజారుకెళ్లి గడ్డి కోసే మెషీను కొనాలి, పెరట్లో గడ్డి కోసేయాలి, నాలుగింటికి వీధి తోటల పోటీ జడ్జీగారు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు గులాబీల పక్కన నిలబడాలి. నిరుడు గులాబీలకు పదికి పది తెచ్చుకున్న ఆయన భార్య, మోకాలెత్తు గడ్డి వల్ల మొదటి బహుమతి పోగొట్టుకుంది. ఆ గడ్డి కోస్తానని మాటిచ్చి నిద్రపోయిన పెద్దమనిషి ఎవరో చెప్పనక్కర్లేదు. ఏడాదిగా ఆవిడ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆయన భయమల్లా అదే.

"ఏది కొన్నా మెట్ల కింది అలమరలో పట్టాలి, తలుపు పడాలి. పడకపోతే మెషీనూ మీరూ ఇద్దరూ బయటే" అని చెప్పి, లెక్కల టీచరైన ఆవిడ బడికి వెళ్లిపోయింది.

షాపులో గడ్డికొక మెషీను, కొమ్మలకొకటి, రాలిన ఆకులు ఊదడానికొకటి ఉన్నాయి.

"చోటు తక్కువ బాబూ."

"అయితే ఇది తీసుకోండి సార్. మోటారు ఒక్కటే, తలకాయలు మూడు. ఏ పనికి ఆ తలకాయ బిగించుకోవడమే."

దర్జీగారు మెడలోని టేపు తీసి మెషీనుకు కొలతలు మొదలుపెట్టారు. అలవాటు కొద్దీ "ఊపిరి వదులు" అన్నారు. షాపతను వదిలాడు. ఎటు చూసినా రెండంగుళాలు వదులు కలిపినా అలమరలో సుబ్బరంగా పడుతుందని తేలింది.

ఇంటికొచ్చాక జానెడు పిడి అడ్డొచ్చింది. ముప్పయ్యేళ్లుగా ఆయన ఒంటి కొలత ఒక కాగితం మీద, చేతుల కొలత ఇంకో కాగితం మీద రాస్తారు. పిడి కొలతా అలాగే విడిగా రాసుకున్నారు. ఆ కాగితం జేబులోనే ఉండిపోయింది. పిడి విప్పితే గ్యారంటీ పోతుందట.

బ్యాటరీ ఛార్జింగుకు ఐదు గంటలు పడుతుంది. ఈలోగా చోటు చేద్దామని ఆయన అలమరలోంచి ఇస్త్రీ బల్ల తీశారు. దాన్ని పడగ్గది తలుపు వెనక పెడితే తలుపు తెరుచుకోలేదు. బీరువా జరపాల్సొచ్చింది. బీరువా హాల్లోకొస్తే సోఫా నిలవలేదు. పక్కింటి మందుల షాపాయన్ని సాయం పిలిచి సోఫాను పెరట్లో వేశారు, పది నిమిషాలకే అనుకుని. దాని వెనకే భోజనాల బల్ల, ఆరు కుర్చీలు, చివరికి పడక్కుర్చీతో సహా అత్తగారు.

"నన్నూ అలమరలో పెడతారా అల్లుడుగారూ?"

"అబ్బే, మీరు పెరట్లోకి అత్తయ్యా."

"ఇల్లు మారుతున్నారా?" అన్నాడు మందుల షాపాయన రొప్పుతూ.

"లేదండీ, గడ్డి మెషీను కొన్నాను."

గడ్డి మెషీను కోసం ఇల్లు ఖాళీ చేసేవాణ్ని ఆయన తన జన్మలో చూడలేదు. పాపం, చెప్పుకోలేక ఏదో అంటున్నాడని తీర్మానించి, వీళ్లు ఇల్లు మారిపోతున్నారని వీధంతా చెప్పాడు. వీడ్కోలు చెప్పడానికి జనం వచ్చి సోఫాలో, కుర్చీల్లో సర్దుకున్నారు. ఇల్లు మారుతున్న సంగతి తనకొక్కదానికే చెప్పలేదని అత్తగారు ఏడుపందుకుంది.

మూడున్నరకు టీచరమ్మ వచ్చింది. పెరట్లో గులాబీలు తప్ప అన్నీ సామాన్లే. గడ్డి పరక కూడా కనబడలేదు.

"తలుపు పడిందా?"

"పడింది."

"గడ్డి?"

"బ్యాటరీకి ఇంకో అరగంట."

ఆవిడ ఖాళీగా ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూలబడింది. "ఈ ఏడు కూడా పోయిందన్నమాట" అంది. తిట్టి ఉంటే బాగుండేదనుకున్నారు దర్జీగారు.

సరిగ్గా నాలుగింటికి జడ్జీగారు వచ్చారు. ఆయన రిటైరైన వృక్షశాస్త్రం లెక్చరరు. గులాబీలన్నీ చూసి, సోఫాలో సందు చేసుకుని కూర్చుని బూట్లు విప్పేశారు.

"పొద్దుట్నుంచి పద్దెనిమిది తోటలు చూశానమ్మా. ప్రతిచోటా గడ్డి నలుగుతుందని నన్ను గట్టు మీదే నిలబెట్టారు. కూర్చోబెట్టిన తోట ఇదొక్కటే. వీధంతా ఇక్కడే ఉంది కదా! మొదటి బహుమతి మీదే."

వీధి చప్పట్లు కొట్టింది. ఏడాది తర్వాత టీచరమ్మ భర్త వైపు చూసి మనసారా నవ్వింది. ఆయన ఆ నవ్వు తనివితీరా చూడకముందే నలుగురు మనుషులు బహుమతిని గేటు దాకా తోసుకొచ్చారు. సీటు, స్టీరింగు, నాలుగు చక్రాలు ఉన్న గడ్డి కోసే బండి.

మొదటిది వద్దు, రెండోదే ఇప్పించండని గెలిచినవాళ్లు బతిమాలడం జడ్జీగారు తన సర్వీసులో చూడటం అదే మొదటిసారట.