గుమ్మడిపాదు మీద స్టే

మా బావగారి పెరట్లోని సమస్త ప్రాణులూ ఇకమీదట ఒకదాన్నొకటి తినకుండా, సభ్యతగా, కలిసిమెలిసి బతకవలసిందిగా కోర్టువారు ఉత్తర్వు జారీ చేసినట్టు ఇందుమూలంగా తెలియజేయడమైనది. కోర్టువారంటే బావగారే. ఆయన జడ్జిగా చేసి రిటైరయ్యారు. అంటే కోర్టుకి వెళ్లడం మానేశారు. తీర్పులివ్వడం మానేశారని ఎవరన్నారు?

మొదట్లో ఇంట్లోవాళ్ల మీదే తీర్పులిచ్చేవారు. కూరలో ఉప్పెక్కువైన కేసులో ఆయన తీర్పు చదువుతుండగానే మా అక్కయ్య లేచి గిన్నెలు తోముకోవడానికి వెళ్లిపోయింది. కోర్టు ధిక్కారం కింద శిక్ష వేద్దామంటే రాత్రి భోజనం సంగతి అడ్డొచ్చింది. అందుచేత ఎదురు చెప్పని కక్షిదారులను వెతుక్కుంటూ ఆయన పెరట్లోకి నడిచారు.

ఆ పెరట్లో అక్కయ్య వేసిన గుమ్మడిపాదు ఉంది. విత్తనం మా అమ్మది. అమ్మ పోయాక ఏటా అక్కయ్యే వేస్తూ, ఒక కాయ విత్తనానికి అట్టేపెడుతూ వచ్చింది. నిరుడు అట్టేపెట్టిన కాయ కాస్తా కుళ్లిపోయింది. డబ్బా అడుగున దొరికిన పాత గింజలన్నీ నాటితే మొలిచింది ఒకటే. అది కాయకపోతే అమ్మ గుమ్మడి అన్నది ఈ భూమ్మీద ఇంక లేనట్టే. అక్కయ్య ఈ మాట చెబితే, ఆ పాదు నేటి నుంచి న్యాయస్థానం రక్షణలో ఉంటుందని బావగారు హామీ ఇచ్చారు. నాకు గుండెల్లో రాయి పడింది అప్పుడే.

విచారణ ప్రతి ఆదివారం పొద్దున్న. బంట్రోతుని నేను. కుర్చీ వేసి, పక్కన నిలబడి, "తొండ హాజరా?" అని ముమ్మారు కేక వేయాలి. తొండ గోడమీదే ఉంది. ఒక మిడతని మింగావా అని బావగారు అడిగారు. తొండ తల ఊపింది. ఇంత నిజాయితీగల ముద్దాయిని సర్వీసులో చూడలేదని మెచ్చుకుని, పెరటి బహిష్కారం విధించారు. శిక్ష విన్నాక కూడా అది తలూపింది.

తరవాత అక్షింతల పురుగు. ఎర్ర రెక్కల మీద నల్లచుక్కలతో, పేరంటానికి వచ్చినంత ముచ్చటగా ఉంటుంది. గుమ్మడాకు కింద గుంపుగా అంటుకున్న పేనుబంక పురుగులను తింటూ పట్టుబడింది. బావగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ఈ పేనుబంక ఎంత అల్పప్రాణి! నోరు లేనిది. పరుగెత్తలేనిది. ఈ పాదు రసం తప్ప వేరే ఆధారం ఎరగనిది. ఇటువంటి అభాగ్యజీవి మీద చెయ్యి చేసుకున్నవారిని ఈ న్యాయస్థానం ఉపేక్షించదు." పేనుబంకకు ఉన్నదంతా నోరేనని నాకు తెలుసు. కానీ బంట్రోతుకి నోరుండకూడదు.

అక్షింతల పురుగుతోపాటు సాలీడుకీ కప్పకీ కూడా బహిష్కారం పడింది. పేనుబంక చుట్టూ చీమలు కాపలా కాస్తున్నాయి. దగ్గరికి ఎవరొచ్చినా కరిచి తరుముతున్నాయి. బలహీనులకు అండగా నిలిచిన నిస్వార్థ సేవకులని బావగారు వాటిని నిండు సభలో ప్రశంసించి, చెంచాడు పంచదార బహూకరించారు. ఆ సేవకులు పేనుబంక వెనక చేరి, అది వదిలే తియ్యటి బంక నాకుతున్నారని నేను మెల్లిగా మనవి చేసుకున్నాను. సేవ చేసేవాళ్లు ఆ మాత్రం పుచ్చుకోకపోతే వ్యవస్థ ఎలా నడుస్తుందయ్యా అన్నారు. అనుభవమున్న మనిషి.

తేనెటీగ మీద అభియోగాలు గట్టివి. అనుమతి లేకుండా పువ్వులో జొరబడటం, అక్కడి సొత్తు అపహరించడం. సాక్ష్యం కావాలా? కాళ్లకి పుప్పొడి అంటుకునే ఉంది. శాశ్వత నిషేధం విధించి, అమలు కోసం పాదంతటికీ పాత దోమతెర కప్పించారు. దానికి స్టే అని పేరు.

వీధి వీధంతా విచారణకి వచ్చేది. ప్రతి తీర్పుకీ చప్పట్లు మోగేవి. కోర్టు లేచాక టీ ఇస్తారు మరి.

తెర లోపల శాంతి నెలకొంది. పేనుబంక పిల్లాపాపలతో పచ్చగా వర్ధిల్లింది. చీమలు బలిశాయి. ఆకులు మటుకు ముడుచుకున్నాయి. ఆడపువ్వు కింద తొడిగిన పిందె తొడిగినట్టే పసుపుబారి రాలిపోసాగింది. ఈ పెరట్లో బొత్తిగా హత్యలన్నవే లేవని బావగారు సభకు సగర్వంగా ప్రకటించారు. పాదు చావు అందులోకి రాదు. దాన్నెవరూ చంపలేదు కదా.

అక్కయ్య రాలిన పిందె ఒకటి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఏమండీ, దీన్నెవరు చంపారు?"

"అది సహజ మరణం."

"మీ కోర్టులో సహజంగా జరిగింది ఇదొక్కటే," అని, ఆవిడ తెర అంచు ఎత్తి తీగ పొడవునా తడుముకుంటూ వెళ్లింది. తీగ చివర గోడ కంతలోంచి అవతలికి పారిపోయింది.

గోడ చుట్టూ తిరిగి వెళ్లాం. అవతలిది మెకానిక్ దొడ్డి. తుక్కు ఇనుము, పిచ్చిమొక్కలు, నీళ్లు నిలిచిన టైర్లు. బహిష్కృతులంతా అక్కడే ఉన్నారు. జీపు బానెట్ మీద తొండ చీమల్ని ఏరుకుంటోంది. తలుపు లేని కారుకి సాలీడు తలుపు కడుతోంది. టైర్లో కప్ప, కప్ప నోట్లో ఈగ. తేనెటీగలు పువ్వు పువ్వుకీ జొరబడుతున్నాయి. పట్టపగలు ఎటు చూసినా దోపిడీలు, హత్యలు. గుమ్మడితీగ ఆ అరాచకం మధ్య కణుపు దగ్గర కొత్త వేరు దింపుకుని, ఒక పాత కారు సీటు మీద బొద్దుగా కాయను కూర్చోబెట్టింది.

"నేల చెమ్మకి కుళ్లిపోతుందేమోనని సీటు మీదికి ఎక్కించాను పెద్దమ్మా. బెల్టొక్కటే పెట్టలేదు," అన్నాడు మెకానిక్.

"ఇన్నిట్ని ఎలా అదుపులో పెడుతున్నావురా?"

"నేనా? నాకు బండ్లతోనే తెల్లారిపోతుంది. వాటి గొడవ అవే పడతాయి."

కాయ అక్కడే పండింది. అక్కయ్య దాన్ని అక్కడే కోసి, గింజలు ఆ బానెట్ మీదే ఎండబెట్టి, కొంగున ముడేసుకుంది.

ఇంత విజయం దాగుతుందా? వీధి సభ పెట్టారు. బావగారు లేచి, "బహిష్కృతులకు తగిన పునరావాసం చూపించి, తద్వారా ఈ ఫలాన్ని సాధించిన ఘనత మన సహజీవన విధానానిదే," అని సెలవిచ్చారు. చప్పట్లు ఆగలేదు. ఇంతటి మేధావిని ఒక్క పెరటికే పరిమితం చెయ్యడం అన్యాయమని, వీధి మొత్తం ఆయన అధికారంలోకి రావాలని తీర్మానించారు. మొదటి చర్యగా, పగలూ రాత్రీ రక్తపాతం జరిగే మెకానిక్ దొడ్డిని చదును చేసి, మందు కొట్టి, తెర కప్పాలన్నారు. అనుకూలురు చేతులెత్తమన్నారు.

అందరూ ఎత్తారు. మెకానిక్ కూడా ఎత్తాడు. జడ్జిగారి కారు మరమ్మతుకి వచ్చేది అతని దగ్గరికే. అక్కయ్య ఎత్తలేదు. ఆవిడ రెండు చేతులూ కొంగు ముడిని పట్టుకుని ఉన్నాయి.

మీరైతే చచ్చినా ఎత్తేవారు కాదు, నాకు తెలుసు. విషయం తెలిసినవారు, చదువుకున్నవారు. అన్నట్టు, మొన్న మీ వంటింట్లో దీపప్పురుగుల్ని తింటూ పట్టుబడిన ఆ బల్లికి శిక్ష దేనితో వేశారు? చీపురుతోనా, చెప్పుతోనా?