మూడు కప్పుల టోపీ

ఆ ఉదయం ఎస్కో పథకం చాలా చిన్నది: ఎవరి కంటా పడకుండా పదింబావు బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళడం. అతని కాలేయం పాడైపోయింది, కొత్తది వేయాలి. అంత పెద్ద ఆపరేషన్‌ను గుండె తట్టుకుంటుందో లేదో తెలియాలంటే, మందెక్కించి దాన్ని పరుగెత్తించి చూస్తారు. నెగ్గితేనే కాలేయం కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాకు పేరెక్కుతుంది. ఈ రోజు తప్పితే మళ్ళీ తేదీ ఆరు వారాల తర్వాతే. అన్ని వారాలు తన చేతిలో ఉన్నాయో లేదో ఎస్కోకు తెలియదు. షరతు ఒక్కటే, ముందు రోజు నుంచీ కాఫీ చుక్క ముట్టకూడదు. కాఫీ లేనిదే పొద్దు గడవని కువోపియో ఊరి మనిషికి దానికన్నా ఆపరేషనే తేలిక.

మెట్ల దగ్గర పై అంతస్తు హెలినా ఎదురైంది.

"ఎస్కో గారూ, ఏలకుల బన్నులు చేశాను. ఓ కప్పు కాఫీ తాగి వెళ్దురుగాని, రండి!"

ఈ పిలుపు కోసం అతను నాలుగేళ్ళుగా ఎదురు చూస్తున్నాడు. నెత్తిమీద ఆమె అడుగుల చప్పుడు వింటూ ఎన్ని సాయంత్రాలు ఒంటరిగా గడిపాడో లెక్కలేదు. వద్దంటే, ఆ ఊళ్ళో కాఫీ వద్దన్నట్టు కాదు, మనిషినే వద్దన్నట్టు. పోనీ నిజం చెబుదామంటే, రోగిని జాలిపడి పిలుస్తారే గానీ ఇష్టపడి ఎవరు పిలుస్తారని భయం.

"ఐదు నిమిషాలే," అన్నాడు.

హెలినా కాఫీ పోసి పాల కోసం వంటింట్లోకి వెళ్ళింది. ఎస్కో కప్పును గబుక్కున ఒళ్ళోని బొచ్చు టోపీలో కుమ్మరించాడు.

"అప్పుడే ఖాళీయా! నా కాఫీ అంత నచ్చిందా?" అని మురిసిపోయి మళ్ళీ నింపింది. చక్కెర కోసం వెళ్ళినప్పుడు రెండో కప్పు, బన్నుల కోసం వెళ్ళినప్పుడు మూడోది టోపీలోకే పోయాయి. బస్సు వంక పెట్టి అతను బయటపడ్డాడు.

బయట మైనస్ పద్దెనిమిది. జేబులో టోపీ గడ్డకట్టింది. బోడినెత్తితో ఆసుపత్రి చేరాడు. అక్కడి వెచ్చదనానికి టోపీ కరిగి, నేలమీద గోధుమరంగు కాలువ కట్టింది. నర్సు యోహన్నా ముక్కు ఎగబీల్చింది.

"కాఫీ తాగొచ్చారు!"

"లేదండీ, టోపీలో పోశాను."

"ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఈ సాకు ఇదే మొదటిసారి వింటున్నా. ఎవరింట్లో తాగారు? నంబరివ్వండి."

ఫోను బల్లమీద పెట్టి, అందరికీ వినపడేలా హెలినాను అడిగింది.

"తాగారా అని అడుగుతారేమిటండీ!" అంది హెలినా గర్వంగా. "మూడు కప్పులు! చుక్క మిగిలిస్తే ఒట్టు!"

"విన్నారుగా. ఈ రోజు పరీక్ష లేదు," అంది యోహన్నా.

ఎస్కో టోపీని బల్లమీద పడేశాడు. "పిండి చూడండి! నా పేరు జాబితాకెక్కాలి. నాకు బతకాలనుందండీ!"

యోహన్నా టోపీని ఒక గిన్నెలోకి పిండింది. పిండుతూనే ఉంది.

"నిజమే, మూడు కప్పులూ ఇందులోనే ఉన్నాయి," అంది, ఫోను ఇంకా తెరిచే ఉందన్న సంగతి మరిచి.

"అంటే నాకే టోపీ పెట్టారన్నమాట," అని ఫోను పెట్టేసింది హెలినా.

పరీక్ష జరిగింది. "గుండె భేషుగ్గా ఉంది, మీ పేరు పంపిస్తాను," అన్నాడు డాక్టర్. ఎస్కో సంతోషించాడు. కానీ ఇంటికెళ్ళి ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఆ సంతోషం సగంలోనే ఆగిపోయింది. చొక్కా గుండీలు పెట్టుకుంటూ హాల్లోకి వచ్చేసరికి హెలినా కూర్చుని ఉంది, ఒళ్ళో ఫ్లాస్కుతో, చలికి ఎర్రబడ్డ ముక్కుతో.

"ముందు ఒళ్ళు మండింది. తర్వాత 'బతకాలనుంది' అన్న మీ అరుపు గుర్తొచ్చింది. ముందే చెప్పి ఉండొచ్చుగా?"

"జాలిపడతారని..."

"జాలా! పిలవనా వద్దా అని నాలుగేళ్ళుగా నేను..." అంటూ ఆగిపోయి కప్పు నింపింది. "పరీక్ష అయిపోయిందిగా. తాగు."

ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. గుండెకు అంటించిన తీగలు అప్పటికే తీసేశారు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే రిపోర్టు మళ్ళీ రాయాల్సి వచ్చేది.