గడ్డకట్టకూడని గిన్నె

ఆ రోజు పొద్దున కాలేజీలో బయాలజీ చెప్పే ఎంజైమ్ మేడం వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు గాజు గిన్నెల్లో ఎర్ర జెల్లీ కలపాలి. మొదటి గిన్నెలో అప్పుడే పిండిన అనాసరసం పోయాలి, రెండోదానిలో మరిగించి చల్లార్చిన అనాసరసం. రెండింటినీ ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం అత్తగారి ముందు బోర్లించాలి. మొదటిది నీళ్లలా కారిపోతుంది, రెండోది గట్టిగా నిలబడుతుంది. అత్తగారు ఆశ్చర్యపోతారు, బావగారు నోరు మూసుకుంటారు, ల్యాబు దక్కుతుంది. అంతే.

ల్యాబుకీ అత్తగారికీ ఏమిటి సంబంధమంటే, ఆ కాలేజీ వాళ్ల సొంతం. మామగారు కట్టించారు. ఆయన తర్వాత అత్తగారు ఛైర్మన్ కుర్చీలో కూర్చున్నారు. పెద్దకొడుకు ప్రిన్సిపాల్, అంటే మేడానికి కాలేజీలో సారు, ఇంట్లో బావగారు. ఆయన భార్య, మేడం తోడికోడలు, క్యాంటీన్ నడుపుతుంది. మేడం భర్త అక్కడే లెక్కలు చెబుతాడు. అన్నగారి గదిలో ఉన్నంతసేపూ అన్నగారి పక్షం, ఇంటికొస్తే భార్య పక్షం.

బావగారికి ఈమధ్య పెద్ద తెర మీద మోజు పుట్టింది. ల్యాబులో బల్లలు పీకించి గోడంత తెర పెట్టిస్తే ప్రయోగాలన్నీ దాని మీదే చూపించొచ్చని ఆయన వాదన.

"గ్లాసులు పగలవు, కంపు ఉండదు. ప్రయోగం ఎప్పుడూ తప్పదు," అన్నారు ముందురోజు భోజనాల దగ్గర.

"ఎప్పుడూ తప్పకపోతే అది ప్రయోగమెలా అవుతుంది బావగారూ? సినిమా అవుతుంది," అంది మేడం.

"చూశావామ్మా, ఎలా ఎదురు చెప్తోందో!"

అత్తగారు చెయ్యి కడుక్కుని తీరిగ్గా తుడుచుకున్నారు. "అమ్మాయ్, తెర చూపించలేనిది ఒక్కటి చూపించు రేపు సాయంత్రం. చూపిస్తే ల్యాబు నీది. లేదంటే తాళాలు వాడికి ఇచ్చెయ్."

"తాళాలు ఇచ్చే పని పడదు అత్తయ్యా," అంది మేడం తలెత్తి. నిజానికి ఆవిడకు భయంగానే ఉంది. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆవిడ మాట చెల్లే చోటు ఆ గది ఒక్కటే. అది పోతే తనూ ఆ ఇంట్లో ఒక కుర్చీయో బీరువాయో అయిపోతుంది. అయితే భయం వేసినప్పుడల్లా ఆవిడ గొంతు ఇంకాస్త లేస్తుంది. అది పుట్టు గుణం.

కాబట్టి పొద్దున్నే గిన్నెలు సిద్ధం చేసి, మూతలు పెట్టి, మీద ఒకటి, రెండు అని అంకెలు వేసింది. ల్యాబు అటెండర్‌ను పిలిచి, "బాబాయ్, వీటిని కనిపెట్టుకుని ఉండండి. నా ప్రాణం వీటిలోనే ఉంది," అంది. ఒకటి గడ్డకట్టకూడదన్న ముక్క మాత్రం చెప్పలేదు. సాయంత్రం దాకా రహస్యంగా ఉంటే రక్తి కడుతుందనుకుంది. కొంప ముంచింది ఆ ఒక్క సరదానే.

మేడం క్లాసుకి వెళ్లి, చాక్‌పీసు ఊపుతూ తనకిష్టమైన పాఠం ఎత్తుకుంది.

"ఎంజైమ్ అంటే టికెట్ కౌంటర్లో గుమస్తా అనుకోండి. జనం పెరిగేకొద్దీ టికెట్లు చకచకా తెగుతాయి. గుమస్తాకి ఊపిరాడనంత మంది వచ్చాక, ఇంకెంతమంది వచ్చినా వేగం పెరగదు, వరుసే పెరుగుతుంది. ఇందులో రకాలున్నాయి. కోసేవి, అతికించేవి, ఇక్కడిది పీకి అక్కడ పెట్టేవి. ప్రోటీన్‌ను కోసేది పిండిపదార్థం జోలికి పోదు, ఎవరి తాళానికి వాళ్ల చెవే. అసలు గొప్ప ఏంటంటే, ఇంత పని జరిపించి ఎంజైమ్ మాత్రం ఏమీ మారకుండా బయటికొస్తుంది."

అదే సమయానికి ల్యాబులో అటెండర్ ఫ్రిజ్ తలుపు తీసి, మూతలెత్తి చూశాడు. రెండోది రాయిలా ఉంది. మొదటిది నీళ్లు. ల్యాబు పోతే మేడానికి పాఠం పోతుంది, ఆయనకైతే కుర్చీయే పోతుంది. బీరువాలో మిగిలిన జెల్లీ ప్యాకెట్ ఒకటి వేడినీళ్లలో కలిపి, చల్లార్చి, ఆ గిన్నెలో పోశాడు. కాసేపాగి చూస్తే నీళ్లే. ఇంకో ప్యాకెట్ పోశాడు. మళ్లీ నీళ్లే. గిన్నె నిండి పొర్లింది. సగం బకెట్‌లోకి వంచి, ఉన్న ప్యాకెట్లన్నీ ఒకదాని వెనక ఒకటి బకెట్‌కే సమర్పించుకున్నాడు. చుట్టూ పెట్టడానికి ఐసు కావాలని క్యాంటీన్‌కి పరిగెత్తాడు.

"ఐసు దేనికి?" అంది తోడికోడలు. విషయం విని నడుముకి కొంగు చుట్టింది. మరిది భార్య మీద ఆవిడకు ప్రేమే. తన చేతి కింద వంటకం పాడవడమంటే అంతకన్నా పెద్ద పగ. "పిచ్చిది, చదువుకుంది గానీ జెల్లీ చెయ్యడం రాలేదు. ఇలా తే!" అని మొదటి గిన్నెను క్యాంటీన్‌కి పట్టుకుపోయి, అందులోది తెర్లేదాకా మరిగించి, తన దగ్గరున్న ప్యాకెట్ కలిపి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టించింది. రెండు గంటలు తిరిగేసరికి అది చక్కగా బిగిసింది.

"ఆ బకెట్ పారబోసెయ్ బాబాయ్. ఈ సంగతి దానికి చెప్పకు, చిన్నబుచ్చుకుంటుంది."

అటెండర్‌కి పారబోయడానికి మనసొప్పలేదు. బకెట్‌ను ఐసు టబ్బులో పెట్టి బయటికెళ్లాడు.

అప్పుడు వచ్చారు బావగారు, తెరకి గోడ కొలుచుకోవడానికి టేపు పట్టుకుని. గోడ కొలిచారు. చుట్టూ చూశారు. ఫ్రిజ్ తీశారు. డాక్టరు తీపి మానెయ్యమన్న నాటి నుంచీ భార్య ఆయన్ని చెంచాడు పంచదార దరిదాపుల్లోకి రానివ్వలేదు. ఎదురుగా ఎర్రగా, వణుకుతూ రెండో గిన్నె. ఒక్క చెంచా అనుకున్నారు. సగం అయ్యాక గానీ మనిషికి స్పృహ రాలేదు. వరండాలో అడుగుల చప్పుడైంది. బకెట్‌లోంచి మగ్గుతో ముంచి గిన్నె నింపి, కలిపి, మూతపెట్టి, ఎండపడుతున్న కిటికీ గట్టు మీద కర్టెన్ వెనక దాచి, పిల్లిలా బయటపడ్డారు.

సాయంత్రం అత్తగారు ముందు బెంచీలో కూర్చున్నారు. పక్కన బావగారు తెల్ల ప్యాంటులో, ఆ పక్కన తోడికోడలు. భర్త అన్నగారికీ భార్యకీ సమాన దూరంలో నిలబడ్డాడు. కర్టెన్ వెనక దొరికిన గిన్నెను కూడా పళ్లెంలో పెట్టి తెచ్చాడు అటెండర్.

"అత్తయ్యా, జెల్లీని నిలబెట్టేది ఒక ప్రోటీన్. అనాసరసంలో దాన్ని కోసిపారేసే ఎంజైమ్ ఉంటుంది. రసం మరిగిస్తే ఆ కత్తెర వంకరపోతుంది, ఇక కొయ్యలేదు. అంచేత పచ్చిరసం పోసిన ఈ మొదటి గిన్నెలో ఉన్నది ఒట్టి నీళ్లు!" అంటూ మేడం గిన్నెను గ్లాసు మీదికి వంచింది.

ఏమీ రాలేదు. ఇంకా వంచింది. విదిలించింది. జెల్లీ మొత్తం ధబ్బుమని బల్ల మీద పడి, నిలబడి, అందరికీ నమస్కారం పెడుతున్నట్టు ఊగింది.

మేడం పళ్లెం దగ్గరికి లాక్కుంది. "రెండోది... రెండోది గట్టిగా ఉంటుంది," అంటూ కంగారులో రెండో గిన్నె మూత తీసి బోర్లించేసింది. అది జలపాతంలా దూకి బావగారి తెల్ల ప్యాంటును ఎర్రగా తడిపింది.

"అయిపోయిందమ్మా!" అన్నారు బావగారు, తడిసినా ఉత్సాహంగా లేచి. "రెండూ తప్పే. తాళాలు ఇటివ్వు."

మేడం చెయ్యి తాళాలగుత్తి మీదికి వెళ్లి, దాన్ని గట్టిగా పిడికిట్లో బిగించింది.

"ఇవ్వను. నా ఎంజైమ్ తప్పు చెయ్యదు. చేస్తే మనుషులే చేసుంటారు," అంది. గొంతు బాగా లేచింది. "మొదటిది గట్టిపడిందంటే ఎవరో మరిగించి, కొత్త ప్యాకెట్ కలిపారు. మన ఇంట్లో నీళ్లగా ఉన్నదేది కనిపించినా పొయ్యెక్కించేది ఒక్కరే. అక్కా?"

తోడికోడలు కొంగు సర్దుకుంది. "పాడైపోయిందనుకున్నానే!"

"బాబాయ్, టబ్బులో ఆ బకెట్ ఏంటి?"

"ఉన్న ప్యాకెట్లన్నీ పోశాను మేడం, గడ్డకట్టి చావలేదు," అన్నాడు అటెండర్ ఏడుపు గొంతుతో.

"కట్టదు! ఎన్ని పోసినా గుమస్తా అరక్కుండా తెంపుతూనే ఉంటాడు. ఇక రెండోది. మరిగించిన రసం నీళ్లవదు. అయిందంటే ఆ బకెట్‌లోది ఇందులో కలిసింది, ఎండ తగిలి కత్తెర ఇంకా జోరుగా ఆడింది. నిండు గిన్నెలో ఇంకోటి కలపడానికి చోటుండదు కదా. అంటే ముందు ఎవరో తిన్నారు. మన ఇంట్లో తీపికి మొహం వాచి ఉన్నది ఒక్కరే."

మేడం నెమ్మదిగా అంది. "బావగారూ, ఒక్కసారి నాలుక చూపిస్తారా?"

"ఏం మాటలివి? నేను ప్రిన్సిపాల్ని!"

"ఒరే పెద్దోడా," అన్నారు అత్తగారు. "నాలుక చాపు."

యాభై దాటిన ప్రిన్సిపాల్ నాలుక చాపారు. చిలక ముక్కంత ఎర్రగా ఉంది. తోడికోడలు "ఏవండీ!" అన్న ఒక్క మాట వరండా చివరిదాకా వినిపించింది.

అత్తగారు నవ్వలేదు. లేచి, బల్ల మీది జెల్లీని వేలితో పొడిచి, అది ఊగడం చూసి, "ఇది నీ తెర మీద కనిపిస్తుందిరా?" అనడిగారు. ఆయన నాలుక బయటే ఉండటంతో జవాబు రాలేదు. "తాళాలు నీ దగ్గరే ఉంచుకో అమ్మాయ్," అని ఆవిడ వెళ్లిపోయారు.

మేడానికి ఏడుపొచ్చింది. అందరూ వెళ్లేదాకా ఆపుకుని, అటెండర్ ముందు మాత్రం ఏడ్చేసింది.

మర్నాడు పొద్దున బావగారు టేపు పట్టుకుని లైబ్రరీ గోడ కొలుస్తూ కనిపించారు. పాఠంలో చెప్పినట్టే, ఇంత పని జరిపించి ఆయన మాత్రం ఏమీ మారకుండా బయటికొచ్చారు.