దుప్పటికి తల ఎటువైపు?

ఆదివారం ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీలయ్యాక తన మొదటి కథను ఇంట్లోవాళ్లకు చదివి వినిపించాలి. "బాగుంది" అనిపించుకోవాలి. చిత్తుప్రతి చూసిన పత్రిక సంపాదకుడు పన్నెండు గంటల లోపు సాపు ప్రతి పంపమన్నాడు కనుక, పంపెయ్యాలి. వారమంతా కళ్లజోళ్ల దుకాణంలో జనానికి చూపు పరీక్ష చేసే మనిషికి ఇదో లెక్క కాదనిపించింది.

కథ కూడా చిన్నదే. వాషింగ్ మెషిన్ చెడిపోయిన రోజున ఒక కుటుంబం డాబా మీద తడి దుప్పటి పిండుతుంది. ఒక కొసన అత్త, ఆడపడుచు. రెండో కొసన మామ, కోడలు. నడుమ బకెట్టు జరుపుతూ కొడుకు. అక్కడికొచ్చేసరికి ఆమె కలానికి హుషారొచ్చి, "వాసుకిలా మెలితిరిగిన దుప్పటిని చెరోవైపు లాగుతూంటే ఆ డాబా పాలసముద్రమైంది" అని రాసింది. ఆ వాక్యమంటే ఆమెకు మహా ముచ్చట.

చదవడం ముగిసింది.

"బాగుంది" అన్నారు అత్తగారు. కోడలికి ప్రాణం లేచొచ్చింది. "కానీ అమ్మాయ్, పాలసముద్రం చిలికింది ఒకవైపు దేవతలు, ఇంకోవైపు రాక్షసులు కదా. మేమేవైపు?"

"అది ఊరికే పోలిక అత్తయ్యా."

"ఊరికే ఎవరు రాస్తారు?" అంది, నాలుగు రోజులుందామని వచ్చిన ఆడపడుచు.

మామగారు పేపరు దించారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. దేనికైనా జవాబు తేల్చందే నిద్రపట్టదు. "తల పట్టుకున్నది రాక్షసులు, తోక పట్టుకున్నది దేవతలు. దుప్పటికి కుచ్చులున్న వైపు ఎవరు పట్టుకున్నారో చూడమ్మా."

కోడలు కాగితం తిప్పింది. కుచ్చులు అత్తగారి చేతిలో ఉన్నాయి.

"కుచ్చంటే తోకే!" అన్నారు అత్తగారు వెంటనే.

"పడగైనా కావచ్చు" అన్నారు మామగారు. "అసలు ముందు తల పట్టుకున్నది దేవతలేనే. తోక పట్టుకుంటే మాకు నామోషీ అని రాక్షసులు పేచీ పెట్టి లాక్కున్నారు."

"అంటే నేను పేచీకోరునా?"

"మరి నేనెవర్ని?" అన్నాడు భర్త, అదను చూసుకుని.

"నడుమ ఉన్నారుగా, మందర పర్వతం."

అతను ఛాతీ విరుచుకున్నాడు. "మురిసిపోకురా, ఆ కొండ మునిగిపోతే కింద తాబేలు మొయ్యాల్సొచ్చింది" అంది అక్క.

"ఆ తాబేలెవరు?" అన్నారు మామగారు అనుమానంగా. ఆయన నడక నెమ్మది.

ఇక మాటలతో తేలదని, మంచం మీది దుప్పటి లాక్కుని అందరూ డాబా ఎక్కారు. కుచ్చులవైపే తోక అని అత్తగారు ముందే తీర్పు చెప్పడంతో నలుగురూ ఆ కొసకే చేరారు. రాక్షసుల కొస పట్టుకోవడానికి మనిషి లేక, దాన్ని పర్వతం చేతిలో పెట్టారు. "ఒకటి, రెండు, మూడు" అన్నారు మామగారు. కుచ్చులు ఊడి చేతికొచ్చాయి. దేవతలు నలుగురూ ఒకరిమీద ఒకరు పడ్డారు.

"ఏమైందండీ?" ఎదురింటి డాబా మీద నుంచి ఒకావిడ అరిచింది.

"మా మరదలు కథ రాసింది!" అంది ఆడపడుచు మోచెయ్యి రుద్దుకుంటూ. కిందికి దిగి పెట్టె సర్దడం మొదలుపెట్టింది. ఆ కథ అచ్చయితే తనూ కూతురి వెంటే వెళ్లిపోతానన్నారు అత్తగారు.

పదకొండూ నలభై. కోడలు కళ్లు తుడుచుకుని, పాలసముద్రం మీద గీత పెట్టడానికి కలం తీసింది. అంతలో ఫోను మోగింది, సంపాదకుడు. తడి వేలు తగిలి స్పీకరు ఆనైంది.

"కథ కాస్త పొడుగైందమ్మా. అత్త, ఆడపడుచు పాత్రలు అనవసరం, తీసెయ్యండి. మొగుడూ పెళ్లాలు పిండుకుంటే చాలు."

పెట్టె సర్దుతున్న చేతులు ఆగాయి. అత్తగారు వచ్చి ఫోను లాక్కున్నారు.

"ఎవరయ్యా అనవసరం? మేం ఇవతల పట్టుకోకపోతే సముద్రం దానంతటదే చిలుక్కుంటుందా?"

"మీరెవరండీ?"

"నేనా? రాక్షసిని!"

"అలాగేనండీ, ఉంచేద్దాం" అన్నాడు సంపాదకుడు.

కథ అక్షరం పోకుండా అచ్చయింది. దాని మీద ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది: అత్త పాత్ర మరీ మెతకగా ఉంది, నమ్మబుద్ధి కాలేదు.