పేరు పడ్డ కత్తి

సొంత వస్తువు మీద పేరు వేసుకోనివాడికి ఆ వస్తువును వాడుకునే హక్కు లేదు!

మాట కాస్త ఘాటుగా ఉందంటారా? ఉండనివ్వండి. స్టీలు గ్లాసు మీద పేరు కొట్టించనిదే మంచినీళ్లు తాగని జాతి మనది. పెళ్లిలో చదివించిన చెంచా మీద కూడా ఇచ్చినవాళ్ల ఇంటిపేరు, తారీఖు ఉంటాయి. చెంచా పోయినా ఫరవాలేదు, పేరు పోకూడదు. బస్ షెల్టర్‌లో సిమెంటు బల్ల మీద దాత పేరు ఎంత లోతుగా చెక్కిస్తారంటే, అరగంట కూర్చుని లేస్తే ఆ పేరు మనతోపాటే ఇంటికొస్తుంది!

కొండల్లో మాత్రం ఏం తక్కువ? సీలేరు కాలనీకి కూరగాయలు తెచ్చే గంగ చేను గట్టున ఆ మధ్య ఒక ఆకుపచ్చ బోర్డు వెలిసింది. ‘ఈ స్థలం మాది, లోనికి రారాదు’ అని దాని మీద తెల్లరంగుతో రాసుంది. ఎవరు పాతారో గంగకు తెలీదు, అందులో ఏముందో చదవడమూ రాదు. ఊరికే నిలబడి ఉంది కదా అని దానికి చిక్కుడు తీగ పాకించుకుంది.

ఇంతటి సంప్రదాయాన్ని కూరగాయలు కోసే కత్తి దాకా తెచ్చిన ఘనత మాత్రం అదే కాలనీలో పవర్‌హౌస్ ఆపరేటరు సింహాచలానిది.

2003 కార్తీకంలో కాలనీలోని ఆరిళ్లవాళ్లు ఏటి ఒడ్డున వనభోజనాలు పెట్టుకున్నారు. ఆరిళ్లలోనూ ఒకటే రకం నల్లపూత కత్తి. సంతలో ఎవడో ‘ఫారిన్ మాలు’ అని అరిస్తే పోటీపడి కొన్నవి. ఇంకేముంది? తిరిగొచ్చేటప్పటికి ఆరూ కలిసిపోయాయి.

సింహాచలం భార్య చిన్నమ్మలు కత్తిని కమ్మరి భీముడు సాన పట్టి ఇచ్చాడు. అది గుమ్మడికాయను అరటిపండులా కోసేది. ఇప్పుడు ఆవిడ చేతికి వచ్చినదో? టమాటాను కొయ్యదు, నలుపుతుంది.

ఆ వారమంతా సింహాచలం కంచంలోకి వంకాయ వంకాయలాగే వచ్చింది. పైగా ఈ కొత్త కత్తి పూత రాలి కూరలో పడుతుంటే, పాపం, మిరియాలనుకుని ఇష్టంగా నమిలాడు. ఇంకాస్త వెయ్యమన్నాడు కూడా!

"నా కత్తి నాకు తెచ్చియ్యండి. అందాకా తిండి ఇలాగే ఉంటాది" అని తేల్చి చెప్పింది చిన్నమ్మలు.

మామూలు మొగుడైతే ఆరిళ్లూ తిరిగి, ఏ కత్తి బాగా తెగుతోందో చూసి తెచ్చేవాడు. సింహాచలం మామూలు మొగుడా? అతనికి టెక్నికల్ బ్రెయిన్ ఉంది. ఆరు కత్తులూ పోగుచేశాడు. పూత గీకి, ఎవరి పేరు వారికి వేసి, పైన లోగో కూడా పెట్టి ఇస్తానని మాటిచ్చాడు. లోగో అనేసరికి కాలనీ పులకించిపోయింది.

ముందు పూత. చింతపండు గుజ్జు పట్టించి రెండు రోజులు ఉంచాడు. చింతపండు నానింది, పూత నానలేదు. చివరికి ఎమిరీ పేపరు తెచ్చి భుజాలు పడిపోయేదాకా రుద్దాడు. ఆరూ తళతళలాడాయి. ఆరు కవలపిల్లలు!

తర్వాత పేరు. పక్కింటి అనురాధను అడిగి నెయిల్ పాలిష్ తెచ్చాడు. కత్తికి పూసి, ఆరాక సూదితో అక్షరాలు గీశాడు. బ్యాటరీ నుంచి ఒక తీగ కత్తికి, ఇంకో తీగ ఉప్పునీళ్లలో ముంచిన దూదికి. దూది ఆనించగానే బుస్సుమని నురగ! గీసిన చోటల్లా ఇనుము తినేసి అక్షరం దిగిపోయింది. చిన్నమ్మలు పేరులో రెండు ఒత్తులుండడం వల్ల దూది ఎక్కువ ఖర్చయిందిగానీ, అతను విసుక్కోలేదు. పేరు పైన మెరుపు బొమ్మ. అది పవర్‌హౌస్ గౌరవార్థం. చూసినవాళ్లు ‘ముట్టుకుంటే షాక్ కొడుతుందా?’ అని అడిగారు, అది వేరే సంగతి.

పంపకాలయ్యాక ఇంటికొచ్చి, పేరున్న కత్తిని భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని ఇటూ అటూ తిప్పింది.

"పిడికాడ మచ్చేదండీ?"

"ఏ మచ్చ?"

"సింతగింజంత పూత లేసిపోయుంటాది. దాంతోనే కదా నాదని నాకు తెలిసేది!"

అడిగితే ముందే చెప్పేది. లోగో వేసేవాడు ఎవరినైనా అడుగుతాడా?

అప్పుడే పక్కింట్లోంచి గుమ్మడికాయ తెగుతున్న చప్పుడు టకటకా వినిపించింది. చిన్నమ్మలు ఒక్క అంగలో అక్కడికి చేరింది. వెనకే సింహాచలం.

"అదీ నా కత్తి!"

"పేరేటుందో సూడు వొదినా" అంది అనురాధ, మెరుపుతో సహా చూపిస్తూ. "అన్నయ్యగారు సొయంగా రాసిందే. అన్నయ్యా, ఏటుంది?"

సింహాచలం గొంతు సవరించుకుని, "అనురాధ" అని చదివాడు. తన చేతిరాతే! చెరిపితే చెరగదు, కడిగితే పోదు. ఆ రాత్రి కంచంలో వంకాయ ఎలా ఉండబోతోందో అతనికి అప్పుడే కనిపించి, ఏడుపొక్కటే తక్కువయింది.

ఇదంతా అరుగు మీద కూర్చున్న గంగ చూస్తూనే ఉంది. గుమ్మడికాయ తెచ్చింది ఆవిడే. పూత గీకినప్పుడూ ఉంది, నురగ వచ్చినప్పుడూ ఉంది.

"బాబూ, పేరు ఎవలదుంటే కత్తి ఆలదేనా?"

"అంతేనే" అన్నాడు సింహాచలం నీరసంగా.

"మునుపు ఎవలదైనా?"

"ముందు ఎవరిదైతే ఏం? రాసేశాక అంతే."

గంగ బుట్ట దగ్గరికి లాక్కుంది.

"నువ్వు రాసేది రాయి మీద పడతాదా?"

"పడదు. ఇనుముండాలి."

గంగ మొహం చేటంత అయింది. బుట్ట నెత్తికెత్తుకుని లేచింది.

"మా సేను కాడ బోర్డు ఇనపదే బాబూ! రేపు బేగి రా. సిక్కుడు తీగ నేను తప్పించి ఉంచుతాను."